కూలీల లెక్క రాసే చదువు.. దానికీ ఫెలోషిప్ ఉంది!

ఒక లారీ సిలికా ఇసుక ఎన్ని టన్నులు? వేబ్రిడ్జి చీటీ చూస్తే తెలుస్తుంది. ఈ వారం రొయ్య కౌంటు రేటు ఎంత? వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే వచ్చేస్తుంది. మరి ఆ ఇసుక ఎత్తిన మనిషికి రోజుకు ఎంత ఇచ్చారు? ఆ రొయ్యల గుంట గట్టు మీద గుడిసె వేసుకుని రాత్రంతా కాపలా కాసే కుటుంబానికి నెలకు చేతికొచ్చేది ఎంత? తీసుకున్న అడ్వాన్సు ఎప్పటికి తీరుతుంది?

అడిగి చూడండి. టక్కున చెప్పేవాళ్లు దొరకరు. ఎందుకంటే ఈ లెక్క రాయడం ఎవరి పనీ కాదు.

అది మీ పని కావచ్చు. ఆ పనికి నెలనెలా డబ్బులు ఇచ్చే ఫెలోషిప్‌లు కూడా ఉన్నాయి. ‘కూలోళ్ల దగ్గర కూర్చుని రాసేదానికి డబ్బులిస్తారా, ఏందబ్బా ఇది?’ అంటారేమో. ఇస్తారు. కార్మికుల బతుకుల మీద పరిశోధన అనేది యూనివర్సిటీల్లో ఎప్పటినుంచో ఉన్న చదువే. మన ఊళ్ల పిల్లలకే దాని సంగతి పెద్దగా తెలియదు.

చిల్లకూరులో ఏముంది?

నెల్లూరు తీరంలో, గూడూరుకు పక్కనే, చెన్నై-కోల్‌కతా హైవేని ఆనుకుని ఉంది చిల్లకూరు. పేరుకు చిన్న మండలమే. కానీ లేబర్ మీద రీసెర్చ్ చేయాలనుకునే వాళ్లకు ఇది తెరిచిన పుస్తకం.

చిల్లకూరు, కోట మండలాల్లో సిలికా ఇసుక నిల్వలున్నాయి. గాజు తయారీకి వాడే తెల్ల ఇసుక ఇది. సముద్రం వైపు వెళ్తే రొయ్యల గుంటలు. తమ్మినపట్నం దగ్గర థర్మల్ పవర్ ప్లాంట్లు. కాస్త ఉత్తరాన కృష్ణపట్నం పోర్టు. వీటి మధ్యలో వరి పొలాలు, నాట్లకూ కోతలకూ వెళ్లే ఆడకూలీలు. చెరువుల దగ్గర, కాల్వగట్ల మీద యానాదుల కాలనీలు.

ఇక రాబోయేది క్రిస్ సిటీ. చెన్నై-బెంగళూరు పారిశ్రామిక కారిడార్‌లో భాగంగా చిల్లకూరు, కోట మండలాల్లో కడుతున్న పారిశ్రామిక నగరం అది. 2025 జనవరి 8న విశాఖపట్నం సభ నుంచి ప్రధాని దీనికి శంకుస్థాపన చేశారు. ప్రత్యక్షంగా, పరోక్షంగా దాదాపు లక్ష మందికి ఉపాధి వస్తుందని కేంద్రం అంచనా.

లక్ష ఉద్యోగాలు అనగానే ఎవరికైనా సంతోషమే. కానీ పదేళ్ల తర్వాత ఎవరైనా ‘క్రిస్ సిటీ వచ్చాక ఇక్కడి కూలీల బతుకు మారిందా?’ అని అడిగితే ఏం చెప్తాం? మారిందో లేదో తెలియాలంటే ఇప్పుడు ఎలా ఉందో రాసి పెట్టుకోవాలి కదా. ఇప్పటి కూలి ఎంత, అప్పు ఎంత, ఏడాదిలో ఎన్ని రోజులు పని, ఎవరు ఏ ఊరికి వలస పోతున్నారు... పరిశోధన భాషలో దీన్ని బేస్‌లైన్ అంటారు. ఫ్యాక్టరీలు లేచాక ఈ లెక్క మళ్లీ దొరకదు.

ఒకే దేశం.. రెండు లెక్కలు

‘లెక్కలన్నీ గవర్నమెంటు దగ్గర ఉంటాయిలే’ అనుకుంటాం. ఒక పాత సంగతి వినండి.

మన దేశంలో వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. ఆ తర్వాత రెండు మూడేళ్లలోనే రెండు సర్వేలు జరిగాయి. నేషనల్ శాంపుల్ సర్వే వాళ్లు 16 రాష్ట్రాల్లో వెట్టికూలీలు 3.43 లక్షల మంది అని అంచనా వేశారు. గాంధీ పీస్ ఫౌండేషన్, నేషనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ కలిసి చేసిన సర్వే పది రాష్ట్రాల్లోనే 26.17 లక్షల మంది ఉన్నారని చెప్పింది. దేశం అదే, కాలం అదే. లెక్కలో మాత్రం ఏడు రెట్లకు పైగా తేడా!

రెండు సర్వేల పద్ధతులు వేరు. ఎవరిని వెట్టికూలీ అనాలి, ఏ ప్రశ్న అడగాలి, ఎవరిని అడగాలి అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. ‘నువ్వు వెట్టి చేస్తున్నావా?’ అని అడిగితే అవునని ఎవరంటారు? ఆ మాటే అవమానం. పైగా చాలామంది తమది వెట్టి అని అనుకోరు. ‘అడ్వాన్సు తీసుకున్నాను, తీరేదాకా పని చేస్తున్నాను’ అంటారు. చట్టం చూసేది ఆ పేరును కాదు. అడ్వాన్సు కారణంగా ఇంకోచోట పనికి పోయే స్వేచ్ఛ పోయిందా, కోరుకున్న చోటికి కదిలే వీలు పోయిందా, కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయాల్సి వస్తోందా... ఇవీ చూడాల్సినవి.

అందుకే అడగాల్సింది వేరేలా: ‘రేపు పక్క గుంటలో ఎక్కువ ఇస్తామంటే పోగలవా?’, ‘మీ అమ్మాయి పెళ్లికి నాలుగు రోజులు ఊరెళ్లాలంటే ఎవర్ని అడగాలి?’, ‘అప్పు ఎంత మిగిలిందో రాసిన కాగితం నీ దగ్గర ఉందా, ఆయన దగ్గరా?’ ఇలాంటి ప్రశ్నలు ఢిల్లీలో తయారైన ఫారంలో ఉండవు. ఇక్కడి మాట, ఇక్కడి మొహమాటం తెలిసిన మనిషికే తడతాయి. చిల్లకూరు పిల్లలకు ఉన్న అసలు అర్హత ఇదే.

యానాదుల సంగతి

నెల్లూరు తీరంలో లేబర్ గురించి మాట్లాడితే యానాదుల గురించి మాట్లాడకుండా కుదరదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో వాళ్లు 5 లక్షలకు పైనే. చేపలు పట్టడం, ఎలుకలు పట్టి పంట కాపాడటం, తోటలకూ గుంటలకూ కాపలా, బాతులు మేపడం, ఇటుక బట్టీలు... ఎక్కువగా ఇవీ వాళ్ల పనులు. ఈ పనుల్లో చాలావాటికి అడ్వాన్సే మొదలు.

వీళ్ల గురించి రాసినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు నెల్లూరుకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య. పుట్టుకతోనే కొన్ని కులాలను, తెగలను నేరస్తులుగా ముద్ర వేసిన బ్రిటిష్ కాలపు చట్టానికి వ్యతిరేకంగా పోరాడారు. ఆ చట్టం 1952లో రద్దయింది. 1962లో ఆయన యానాదుల మీద ఇంగ్లిష్‌లో ఒక పుస్తకమే రాశారు. ఫెలోషిప్‌లు, ల్యాప్‌టాప్‌లు లేని కాలంలో యానాదుల మధ్య తిరిగి చేసిన పని అది.

ఆ పుస్తకం వచ్చి 60 ఏళ్లు దాటింది. ఇప్పుడు రొయ్యల గుంటలొచ్చాయి, పోర్టు వచ్చింది, ఫోన్లొచ్చాయి. అడ్వాన్సు కూడా ఫోన్‌పేలో పడే రోజులివి. ఈ కాలపు యానాది బతుకును ఈ కాలపు మనిషి రాయాలి. అది యానాది కాలనీలో పుట్టి పెరిగిన అమ్మాయే రాస్తే? పక్కింటి పిన్నమ్మ బయటివాళ్లకు చెప్పని మాట ఆ పిల్లకు చెబుతుంది.

రిపోర్టు రాస్తే ఏమవుతుంది?

‘రాసి ఏం లాభం, బీరువాలో పడుంటుంది’ అనే మాట తరచూ వినిపిస్తుంది. చాలా రిపోర్టుల గతి అదే, నిజమే. కానీ అన్నీ కాదు.

1982లో ఢిల్లీలో ఏషియన్ గేమ్స్ కోసం స్టేడియాలు, ఫ్లైఓవర్లు కట్టారు. అక్కడ పనిచేసే కూలీల పరిస్థితి చూసి రమ్మని ఒక పౌరహక్కుల సంఘం ముగ్గురు సామాజిక శాస్త్రవేత్తలను పంపింది. వాళ్లిచ్చిన రిపోర్టు సుప్రీంకోర్టులో కేసయింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ చాకిరీయేనని కోర్టు తీర్పిచ్చింది. ఇవాళ దేశంలో ఏ కూలీ లాయరైనా ఆ తీర్పును వాడుకోగలడు. మొదలు మాత్రం ముగ్గురు మనుషులు నోట్‌బుక్ పట్టుకుని కూలీల దగ్గరకు వెళ్లడమే.

ఇంకోటి మన చిల్లకూరు వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది. మధ్యప్రదేశ్‌లోని అలీరాజ్‌పూర్, ఝాబువా ప్రాంతాల ఆదివాసీలు గుజరాత్‌లోని క్వార్ట్జ్ రాయి పొడిచేసే ఫ్యాక్టరీలకు వలస వెళ్లారు. తిరిగొచ్చాక ఆయాసం, దగ్గు, తర్వాత చావు. ఊరూరా, ఇంటింటా తిరిగి ఎవరు ఏ ఫ్యాక్టరీలో పనిచేశారో, ఎప్పుడు జబ్బుపడ్డారో రాశారు కొందరు. అది సిలికోసిస్ అని, సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకోవడం వల్ల వచ్చే జబ్బని తేలింది. 2016లో సుప్రీంకోర్టు, చనిపోయిన 238 మంది కుటుంబాలకు మూడేసి లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని గుజరాత్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. పేరుపేరునా రాసిన జాబితా లేకపోతే ఆ 238 అనే అంకే లేదు.

ఇక్కడ తొందరపడి ఒకదానికొకటి ముడిపెట్టకూడదు. తడి ఇసుక తవ్వడం వేరు, రాయిని పొడి చేయడం వేరు. ఊపిరితిత్తుల లోతుకు పోయేది కంటికి కనపడనంత సన్నని ధూళి. ఎక్కడ ఇసుకను ఆరబెడుతున్నారు, ఎక్కడ జల్లెడ పడుతున్నారు, అక్కడ ఎవరు ఎన్నేళ్లు పనిచేశారు, మాస్కు ఇచ్చారా, టీబీ మందులు వాడినా తగ్గనివాళ్లు ఉన్నారా? సిలికోసిస్‌ను టీబీగా పొరబడటం సాధారణం కాబట్టి ఈ చివరి ప్రశ్న ముఖ్యం. వీటికి జవాబు వెతకడమే ఒక మంచి పరిశోధన పని.

తాత పేరుతో సంస్థ.. మనవడి చేతిలో ఫెలోషిప్

కార్మికుల మీద పరిశోధనకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన పెద్ద సంస్థ నోయిడాలో ఉంది. 1974లో మొదలైంది. పైన చెప్పుకున్న నేషనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ అదే. ఇప్పుడు దాని పేరు వి.వి.గిరి నేషనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్. అవును, మన తెలుగాయనే. బరంపురంలో పుట్టి, రైల్వే కార్మికుల నాయకుడై, 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు వరాహగిరి వేంకటగిరి. బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో ఆ పదవి వదిలేశారు. తర్వాత రాష్ట్రపతి అయ్యారు.

ఆయన మనవడు పి.సాయినాథ్. 90వ దశకం మొదట్లో ఒక పత్రిక ఇచ్చిన ఫెలోషిప్ తీసుకుని ఐదు రాష్ట్రాల్లోని అతి పేద జిల్లాల్లో తిరిగారు. అప్పటి కథనాల్లో చాలావరకు 1996లో పుస్తకంగా వచ్చాయి. జర్నలిజం చదివేవాళ్లలో చాలామంది దాన్ని ఇప్పటికీ చదువుతారు. 2014 డిసెంబర్‌లో ఆయన మొదలుపెట్టిన ‘పరి’ వెబ్‌సైట్ పల్లె జనం పని, బతుకు గురించి తెలుగుతో సహా చాలా భాషల్లో కథనాలు ఇస్తోంది. కాలేజీ విద్యార్థులు రాసినవి కూడా అందులో వస్తాయి.

ఫెలోషిప్ ఒకటి రెండేళ్లే ఉంటుంది. దాంతో మొదలైన పని మాత్రం జీవితాంతం నడవొచ్చు. నెదర్లాండ్స్‌కు చెందిన యాన్ బ్రెమన్ 1961లో కుర్ర పరిశోధకుడిగా దక్షిణ గుజరాత్ పల్లెలకు వచ్చి, అక్కడి అప్పు కూలీల మీద రాయడం మొదలెట్టాడు. దాదాపు అర్ధ శతాబ్దం అవే ఊళ్లకు తిరిగి తిరిగి వచ్చాడు. సముద్రాలు దాటి ఒకాయన అన్నేళ్లు వచ్చాడంటే, బస్సెక్కితే అరగంటలో పోయే ఊరికి మనం పోలేమా?

ఏయే ఫెలోషిప్‌లు ఉన్నాయి?

నెట్-జేఆర్ఎఫ్: పీజీ చేసినవాళ్లకు ఇదే పెద్ద దారి. యూజీసీ నెట్‌లో లేబర్ వెల్ఫేర్, పారిశ్రామిక సంబంధాలు, హెచ్ఆర్ఎం కలిపి ఒక సబ్జెక్టే ఉంది, కోడ్ 55. సోషల్ వర్క్, సోషియాలజీ, ఎకనామిక్స్, ఆంత్రోపాలజీలో రాసినా పీహెచ్‌డీ కార్మికుల మీదే చేయొచ్చు. మొదటి రెండేళ్లు నెలకు రూ.37 వేలు, తర్వాత సీనియర్ ఫెలోగా రూ.42 వేలు. 2023 జనవరి నుంచి అమలవుతున్న రేట్లివి.

ఎస్టీ, ఎస్సీ విద్యార్థులకు: పీహెచ్‌డీ చేసేవాళ్ల కోసం నేషనల్ ఫెలోషిప్‌లు వేరుగా ఉన్నాయి. ఎస్టీ విద్యార్థులకు ఏటా 750. యానాది, ఎరుకల పిల్లలు ముందు చూడాల్సింది ఇదే.

ఐసీఎస్ఎస్ఆర్ డాక్టోరల్ ఫెలోషిప్: సామాజిక శాస్త్రాల్లో పీహెచ్‌డీకి రిజిస్టర్ అయినవాళ్లకు. నెలకు రూ.20 వేలు, పైగా పుస్తకాలకూ తిరుగుళ్లకూ ఏటా కొంత.

చదువు ఎక్కడ? నెల్లూరు-గూడూరు మధ్య కాకుటూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీ ఉంది. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ. హైదరాబాద్‌లో సెస్, టిస్ క్యాంపస్.

ఒక మాట ముందే. ఫెలోషిప్ డబ్బులు ప్రతి నెలా ఒకటో తారీఖున పడతాయని అనుకోవద్దు. ఆలస్యాలు మామూలే. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. ఇంట్లో వాళ్లకు ఈ సంగతి చెప్పే దిగండి. రూల్స్, తేదీలు మారుతుంటాయి కాబట్టి అప్లై చేసే ముందు అధికారిక నోటిఫికేషన్ చూడాల్సిందే.

డిగ్రీలోనే మొదటి మెట్టు

‘పీహెచ్‌డీ దాకా ఎందుకులే, నేను డిగ్రీ ఫస్టియరే’ అంటారా? అయితే మీ చేతిలో ఆల్రెడీ ఒక రీసెర్చ్ ప్రాజెక్టు ఉంది. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కోర్సుల్లో మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ ఉంటుంది కదా, 180 గంటలు! ఒక ఊరికి వెళ్లి ఇంటింటి సర్వే చేసి, ఒక సమస్య మీద రిపోర్టు రాయాలి.

చాలామంది ఏం చేస్తారో మనకు తెలుసు. సీనియర్ ఫైలు తెచ్చి, ఊరి పేరు మార్చి, ఫొటోలు నాలుగు అంటించి ఇచ్చేస్తారు. మార్కులు పడతాయి. 180 గంటలు గాలికి పోతాయి.

అదే ఒక యాభై కూలీ కుటుంబాలను నిజంగా కలిసి, ఒక్క ప్రశ్న పట్టుకుని రాయండి. ‘మా ఊరి కూలీలకు పోయిన ఏడాది ఎన్ని రోజులు పని దొరికింది?’ చాలు. మండలంలో నాలుగు కాలేజీల పిల్లలు నాలుగు ఊళ్లలో ఇదే చేస్తే, ఏ ఆఫీసులోనూ లేని లెక్క తయారవుతుంది. రేపు పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ‘ఈ టాపిక్ ఎందుకు?’ అని అడిగితే చూపించడానికి మీ దగ్గర సొంత పని ఉంటుంది.

ఇది మన దగ్గర కొత్తేం కాదు. ఉపాధి హామీ పనుల మీద సోషల్ ఆడిట్‌ను 2006 నుంచే పెద్ద ఎత్తున మొదలెట్టింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. అందులో ఇల్లిల్లూ తిరిగింది ఎవరో తెలుసా? కూలీ కుటుంబాల్లో చదువుకున్న యువతీ యువకులే. మస్టర్ రోల్ చేతిలో పట్టుకుని ‘ఇక్కడ నీ పేరు మీద ఇన్ని రోజులు పని చేసినట్టుంది, నిజమేనా? డబ్బులొచ్చాయా?’ అని అడిగారు. తేలింది గ్రామసభలో అందరి ముందు చదివారు. ఇంతకన్నా మంచి రీసెర్చ్ ట్రైనింగ్ ఏ క్లాసులో దొరుకుతుంది?

ఫోన్ చాలు. డేటా ఉంటే ఇంకా మేలు. నోయిడా సంస్థ వాళ్ల ‘ఆర్కైవ్స్ ఆఫ్ ఇండియన్ లేబర్’లో పాత కార్మిక పత్రాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. 2025 నవంబర్ 21 నుంచి 29 పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. కోడ్‌లో రాసినదానికీ, గుంట గట్టు మీద జరిగేదానికీ మధ్య దూరం కొలవడం ఈ పదేళ్లలో రాబోయే థీసిస్‌లకు సరిపడా పని.

వెళ్లేముందు ఇవి గుర్తుంచుకోండి

యజమాని, మేస్త్రీ ఎదురుగా కూలీని ఏదీ అడగొద్దు. వాళ్ల ముందు వచ్చే జవాబు వాళ్లదే.

పని వేళలో కూలి చెడగొట్టి మాట్లాడించొద్దు. సాయంత్రం వెళ్లండి, అవసరమైతే మళ్లీ వెళ్లండి.

ఎందుకు అడుగుతున్నారో చెప్పండి. వద్దంటే వదిలేయండి. పేరు, ఫొటో, ఊరు బయటపెట్టొద్దు. మీరు పెట్టే ఒక్క రీల్‌తో ఆ కుటుంబం పని పోవచ్చు. ఇంకా ఘోరం కూడా జరగొచ్చు.

‘మీకు ఇల్లొస్తుంది, డబ్బులొస్తాయి’ అని ఆశ పెట్టొద్దు.

వెట్టిలాంటిది కనిపిస్తే మీరే హీరోలా గొడవకు దిగొద్దు. వెట్టి నుంచి విడిపించే అధికారం కలెక్టరుకు, ఆర్డీవోకు ఉంది. జిల్లా, డివిజన్ స్థాయిలో విజిలెన్స్ కమిటీలు ఉండాలని 1976 చట్టమే చెబుతోంది. ఉచిత న్యాయ సహాయానికి 15100, పిల్లలు కనిపిస్తే 1098. చట్టం కూలీకి ఇచ్చిన బలం ఇంకోటుంది: ఇది వెట్టి కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడే, కూలీ కాదు. వెట్టి నుంచి విడుదలైనవాళ్లకు లక్ష నుంచి మూడు లక్షల దాకా పునరావాస సాయం ఉంది. అంతేకాదు, సమస్య ఉన్న జిల్లాల్లో మూడేళ్లకోసారి వెట్టి సర్వే చేయించడానికి జిల్లాకు రూ.4.5 లక్షలు ఇచ్చే ఏర్పాటు 2016 కేంద్ర పథకంలోనే ఉంది. మీ జిల్లాలో ఆ సర్వే ఆఖరిసారి ఎప్పుడు జరిగింది? సమాచార హక్కు కింద పది రూపాయలతో అడగొచ్చు. మీ రీసెర్చ్‌కి అదే మొదటి పేజీ అవుతుంది.

ఆఖరిగా ఒకటి. రాసింది ప్రొఫెసరుకు ఇచ్చి ఊరుకోవద్దు. ఎవరి దగ్గర అడిగి రాశారో వాళ్ల కాలనీకే పోయి, అర్థమయ్యే తెలుగులో చదివి వినిపించండి. తప్పులుంటే వాళ్లే దిద్దుతారు. ‘పోయిన ఏడాది మన కాలనీలో మొత్తం ఇన్ని రోజులు పని, ఇంత కూలి, ఇంత అప్పు’ అని మీరు చదువుతుంటే, ఇన్నాళ్లూ ఎవరికి వారే మోసుకున్న లెక్కను వాళ్లు మొదటిసారి అందరూ కలిసి వింటారు. ఆ తర్వాత ఏం చేయాలో వాళ్లే మాట్లాడుకుంటారు.